పది శాతం వాట్లు, పది నానోసెకన్లు: డి క్లాస్ యాంప్లిఫయర్ల విశేషాలు

◆ పదివేల రూపాయలకు అటూ ఇటూగా దొరికే చిన్న స్టీరియో యాంప్లిఫయర్ మూత విప్పి చూడండి. అది ఐమా ఏ07 అయినా, ఫోసి వీ3 అయినా లోపల కనిపించేది ఒకే చిప్పు: టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టీపీఏ3255. ఆ కంపెనీ డేటాషీట్ ప్రకారం 4 ఓమ్‌ల స్పీకరు మీద 1 వాటు దగ్గర దాని డిస్టార్షన్ 0.006 శాతం. అంటే లక్ష పాళ్ల సంగీతంలో ఆరు పాళ్ల కల్తీ. ఇంట్లో పాటలు వినే మామూలు మనిషికి ఇంత శుభ్రమైన ధ్వని ఇంత తక్కువ ధరకు మునుపెన్నడూ అందలేదు. దీన్ని నేను మనస్ఫూర్తిగా పండగగా భావిస్తాను. కానీ అదే చిప్పు పెట్టిన రెండు పెట్టెలు కొలతల్లో ఒకేలా నిలబడవు. ఆ తేడా ఎక్కడెక్కడ దాగి ఉంటుందో వెతుక్కుంటూ పోతే ఎన్నో ముచ్చట్లు బయటపడతాయి.

◆ డి క్లాస్‌లో ‘డి’ డిజిటల్‌కు గుర్తు కాదు. ఏ, బీ, సీ అనే తరగతులు అప్పటికే ఉన్నాయి, తర్వాతి అక్షరం ఇది. లోపల ఉండేవి సున్నాలూ ఒకట్లూ కావు. వోల్టేజీ రెండు మెట్ల మధ్యే ఎగిరి దూకుతుంది కానీ ఒక్కో మెట్టు మీద ఎంతసేపు నిలవాలన్నది ఏ విలువైనా కావచ్చు. సంగీతమంతా ఆ కాలవ్యవధిలోనే ఉంటుంది. అందుకే ఈ యాంప్లిఫయర్లలో డిస్టార్షన్ అంటే చాలావరకు కాలంలో జరిగే తప్పే.

◆ ఈ పద్ధతిలో పనిచేసే మొదటి సరుకు 1964లో ఇంగ్లండ్‌లో అమ్మకానికి వచ్చింది. పేరు ఎక్స్-10. తెచ్చినవారు క్లైవ్ సింక్లెయిర్, తర్వాతి కాలంలో జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ కంప్యూటరుతో పేరు పొందినాయన. కొనుక్కున్నవాళ్లే కూర్చుకోవాల్సిన కిట్ అది. పేరులో పది ఉన్నా నిజంగా ఇచ్చింది రెండున్నర వాట్లే. ఆ తర్వాత ఎక్స్-20 వచ్చింది. ఆలోచనలో లోపం లేదు, లోపమంతా ట్రాన్సిస్టర్లలోనే. నాటి జెర్మేనియం ట్రాన్సిస్టర్లు అంత వేగంగా ఆన్, ఆఫ్ కాలేవు, ఒకదానికొకటి పోలిక కుదిరేది కాదు. మెరుగైన మాస్‌ఫెట్ రకం ట్రాన్సిస్టర్లు చవకగా దొరికేవరకు ఆ ఆలోచన దాదాపు మూడు దశాబ్దాలు ఎదురుచూసింది.

◆ పనిచేసే తీరు ఇదీ. కుళాయిని సగం తిప్పి నీరు వదలడం పాత యాంప్లిఫయర్ల పద్ధతి, ఆ సగం తిప్పిన చోటే రాపిడి, వేడి. డి క్లాస్‌లో కుళాయి పూర్తిగా తెరుచుకుంటుంది, లేదా పూర్తిగా మూసుకుంటుంది. సెకనుకు లక్షలసార్లు తెరుస్తూ మూస్తూ, తెరిచి ఉంచే సమయాన్ని పాటకు తగ్గట్టు పెంచుతూ తగ్గిస్తూ పోతే, కింద తొట్టిలో నీటిమట్టం నెమ్మదిగా, నునుపుగా ఆ పాట లాగే లేచి పడుతుంది. తొట్టి పని చేసేవి చివర్లో ఉండే కాయిలూ కండెన్సరూ. కుళాయి సగంలో ఆగదు కాబట్టే వీటి సామర్థ్యం 90 శాతం దాటుతుంది. పాత పద్ధతిలోని ఏబీ క్లాస్ సిద్ధాంతరీత్యా కూడా 78.5 శాతం దాటలేదు, అదీ పూర్తి శక్తితో మోగినప్పుడే.

◆ ఈ తెరవడం మూయడంలో ఒక ప్రమాదం ఉంది. పై ట్రాన్సిస్టరూ కింది ట్రాన్సిస్టరూ ఒక్క క్షణం కలిసి ఆన్ అయ్యాయా, సప్లయి నేరుగా షార్ట్ అయి చిప్పు కాలిపోతుంది. అందుకని ఒకటి ఆగాక రెండోది మొదలయ్యేలోపు కొద్ది నానోసెకన్ల విరామం ఇస్తారు. దీన్ని డెడ్ టైమ్ అంటారు. నానోసెకను అంటే సెకనులో వందకోట్లో వంతు. పది నానోసెకన్లు ఏపాటి అనిపిస్తుంది. కానీ సెకనుకు ఆరు లక్షలసార్లు స్విచ్ అయ్యే యాంప్లిఫయర్‌కు ఒక్కో ఆవృత్తి 1,667 నానోసెకన్లు మాత్రమే. అందులో పది అంటే 0.6 శాతం. కాలమే సంగీతమైన చోట 0.6 శాతం కాలం తప్పిందంటే, సరిదిద్దే ఏర్పాటేదీ లేకపోతే డిస్టార్షన్ కూడా శాతాల్లోకి పాకుతుంది. డెడ్ టైమ్ పెంచితే చిప్పు క్షేమం, ధ్వనికి నష్టం. తగ్గిస్తే ధ్వని బాగు, చిప్పుకు గండం. ఖరీదైన పెట్టెల్లో ఇప్పుడు వాడుతున్న గాలియం నైట్రైడ్ ట్రాన్సిస్టర్లు ఇంకా వేగంగా మారతాయి కాబట్టి ఆ విరామాన్ని మరింత కుదించవచ్చు.

◆ ఇక వాట్ల సంగతి. ఈ విషయం మీద కాస్త గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే కొనేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. టీపీఏ3255 డేటాషీట్ మొదటి పుటలోనే 4 ఓమ్‌ల మీద ఒక్కో చానెల్‌కు 315 వాట్లు అని ఉంటుంది. షరతు కూడా పక్కనే ఉంటుంది: 10 శాతం డిస్టార్షన్ దగ్గర. అదే చిప్పు 1 శాతం దగ్గర ఇచ్చేది 260 వాట్లు. పది శాతం అంటే తరంగపు తలా తోకా నరికేసిన స్థితి. గాయని గొంతు బొంగురుపోతుంది, మృదంగం దెబ్బ చదునైపోతుంది. ఎవరూ అలా వినరు. అయినా పెట్టె మీద అచ్చయ్యేది ఆ పెద్ద అంకెనే.

ఈ అలవాటు కొత్తదేమీ కాదు. మన ఊళ్లలో రేడియో రిపేరు షాపుల వాళ్లందరికీ తెలిసిన ‘4440 బోర్డు’ ఉంది కదా, సాన్యో వారి ఎల్‌ఏ4440. దాని 6 వాట్లు, బ్రిడ్జిగా కలిపితే 19 వాట్లు అన్న లెక్కలు కూడా 10 శాతం డిస్టార్షన్ దగ్గరివే. బొమ్మల్లో, చిన్న బ్లూటూత్ డబ్బాల్లో పెట్టే పీఏఎమ్8403 చిప్పు 3 వాట్లు కూడా అదే లెక్క. 5 వోల్టుల సప్లయితో 4 ఓమ్‌ల మీద చక్కని తరంగంగా సిద్ధాంతరీత్యా రాగలిగేదే 3.1 వాట్లు. కాబట్టి నిజమైన సర్క్యూట్ మూడు ఇవ్వాలంటే తరంగాన్ని నరకక తప్పదు.

◆ పెట్టె మీది వాట్లను అడాప్టరుతో సరిచూడటం అందరికీ చేతనయిన పని. అడాప్టరు మీద 32 వోల్టులు, 5 ఆంపియర్లు అని ఉందనుకోండి. గుణిస్తే 160 వాట్లు. రెండు చానెళ్లకూ కలిపి ఎడతెగకుండా అంతకు మించి రాదు. పెట్టె మీద 300 చొప్పున రెండు రాసి ఉన్నా సరే. వోల్టేజీ వైపు నుంచి మరో లెక్క ఉంది: సప్లయి వోల్టేజీని వర్గం చేసి, స్పీకరు ఓమ్‌లకు రెట్టింపుతో భాగించాలి. 32 వోల్టులు, 8 ఓమ్‌లు అయితే 1,024ను 16తో భాగిస్తే 64 వాట్లు. అదే స్పీకరుకు 48 వోల్టులు ఇస్తే 144. ఇవి నష్టాలేవీ లేని ఆదర్శ అంకెలు, నిజంలో ఇంకాస్త తగ్గుతాయి. సాదా హాల్లో 64 వాట్లు దండి అన్నది వేరే మాట.

◆ అమెరికాలో యాంప్లిఫయర్ల వాట్ల ప్రకటనలకు 1974 నుంచే ప్రభుత్వ నిబంధన ఉంది. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాన్ని 2024లో బిగించింది. ఇప్పుడు ఇంటి యాంప్లిఫయర్‌కు వాట్లు ప్రకటించాలంటే 8 ఓమ్‌ల లోడు మీద, 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు మొత్తం పరిధిలో, 1 శాతం లోపు డిస్టార్షన్‌తో ఇచ్చినవే చెప్పాలి. వెయ్యి హెర్ట్జ్ దగ్గర ఒక్క మెరుపు అంకె చూపిస్తే చెల్లదు. పీఎమ్‌పీఓ అనే క్షణమాత్రపు లెక్క పేరిట వేలకు వేలు అచ్చేసిన డబ్బాలు చూసిన మన దేశానికి ఇలాంటి నిబంధన ఎంతో అవసరం.

◆ డిస్టార్షన్‌ను కొందరు శాతాల్లో, కొందరు డెసిబెల్స్‌లో చెబుతారు. రెంటికీ వంతెన తేలిక. 40 డెసిబెల్స్ అంటే 1 శాతం, 60 అంటే 0.1, 80 అంటే 0.01, 100 అంటే 0.001. ప్రతి ఇరవైకీ ఒక సున్నా చేరుతుంది. ఇప్పుడు టీపీఏ3116 డేటాషీట్ తీయండి. 21 వోల్టుల సప్లయితో 25 వాట్ల దగ్గర 0.1 శాతం, అంటే 60 డెసిబెల్స్. మొదట చెప్పుకున్న టీపీఏ3255 ఒక వాటు దగ్గర 0.006, అంటే సుమారు 84. షరతులు వేరు కనుక పక్కపక్కన పెట్టి తూచడం పూర్తి న్యాయం కాదు, కానీ రెండు తరాల మధ్య దూరం ఏ పాటిదో తెలుస్తుంది.

◆ మంచి కొలతల్లో ఒక అంకె ఉండదు, ఒక గీత ఉంటుంది. అడ్డంగా వాట్లు, నిలువుగా డిస్టార్షన్. దాన్ని చదవడం వస్తే యాంప్లిఫయర్ జాతకం చేతికొచ్చినట్టే. ఎడమ చివర, మిల్లీవాట్ల దగ్గర గీత ఎత్తుగా మొదలై నున్నగా దిగుతూ వస్తుంది. అక్కడ కనిపించేది నిజానికి డిస్టార్షన్ కాదు, బుస్సుమనే నాయిస్. పాట చిన్నదిగా ఉన్నప్పుడు ఎప్పుడూ ఉండే ఆ నాయిసే నిష్పత్తిలో పెద్దదిగా కనిపిస్తుంది. మధ్యలో ఎక్కడో గీత అడుగంటుతుంది, లేదా దిగడం మానేసి మళ్లీ మెల్లగా లేస్తుంది. ఆ లేవడమే అసలు డిస్టార్షన్. కుడి చివర ఒక్కసారిగా గోడలా నిలువునా లేచిపోయే చోటు క్లిప్పింగ్.

చవక పెట్టెల్లో తేడా ఆ మధ్య భాగంలోనే. కొన్ని క్లిప్పింగ్ దాకా చదునుగా వస్తాయి. కొన్ని రెండు మూడు వాట్ల నుంచే వంపు తిరిగి, నలభై వాట్లకు వచ్చేసరికి పదిరెట్లు చెడతాయి. రెంటికీ ఆఖరి వాట్లు ఒకటే కావచ్చు. నన్నడిగితే కొనేముందు చూడాల్సింది ఆ వంపే.

◆ పరీక్షలు చేసేవాళ్లు ఎక్కువగా 4 ఓమ్‌ల మీద 5 వాట్లు పెట్టి ఒక అంకె ప్రకటిస్తారు. ఆ స్థాయిలో స్పీకరు తీగల మీద ఉండే వోల్టేజీ 4.47. ఇక్కడ 100 డెసిబెల్స్ సాధించాలంటే నాయిసూ డిస్టార్షనూ అన్నీ కలిపి 45 మైక్రోవోల్టులు దాటకూడదు. పక్కనే 32 వోల్టులు లక్షలసార్లు పైకీ కిందికీ దూకుతున్నాయి. అలాంటి చోట మైక్రోవోల్టుల నిశ్శబ్దం సాధిస్తున్నారంటే బోర్డు గీసిన ఇంజినీరు పనితనానికి చేతులెత్తి మొక్కాలి. గ్రౌండు దారి ఎటు తిప్పాలి, కాయిల్‌ను ఇన్‌పుట్‌కు ఎంత దూరం పెట్టాలి అన్నవే ఒకే చిప్పున్న రెండు పెట్టెలను వేరు చేస్తాయి.

◆ 1927 ఆగస్టు 2 ఉదయం. న్యూజెర్సీ నుంచి న్యూయార్క్‌కు హడ్సన్ నది దాటుతున్న పడవలో బెల్ ల్యాబ్స్ ఇంజినీరు హెరాల్డ్ బ్లాక్ ఉన్నారు. టెలిఫోను తీగల్లోని యాంప్లిఫయర్ల డిస్టార్షన్‌ను ఎలా పోగొట్టాలా అని ఆయన ఏళ్లుగా తలబద్దలు కొట్టుకుంటున్నారు. హఠాత్తుగా తోచింది: బయటికొచ్చిన దాన్ని కొంత వెనక్కి తెచ్చి లోపలికి వెళ్లేదానితో పోల్చి, తేడాను తీసేస్తే? చేతిలో ఉన్న న్యూయార్క్ టైమ్స్ పత్రిక పుట మీదే ఆ బొమ్మా సమీకరణాలూ గీశారు. అదే నెగటివ్ ఫీడ్‌బ్యాక్. దరఖాస్తు చేశాక పేటెంటు చేతికి రావడానికి మాత్రం తొమ్మిదేళ్లకు పైగా పట్టింది.

డి క్లాస్‌కు ఇది ప్రాణం. ఫీడ్‌బ్యాక్ లేకపోతే సప్లయిలో ఏ ఊగిసలాట ఉన్నా నేరుగా పాటలోకి వచ్చి గుణకారమైపోతుంది, ఎందుకంటే స్విచ్ ఆన్ అయినప్పుడు స్పీకరు వైపు వెళ్లేది సప్లయే. అయితే ఒక చిక్కు. స్విచింగ్ వేగంలో దాదాపు మూడో వంతు చేరేలోపే ఫీడ్‌బ్యాక్ తన పట్టు వదిలేయాలి, లేదంటే సర్క్యూట్ అదుపు తప్పుతుంది. అందువల్ల తక్కువ పౌనఃపున్యాల్లో బలంగా సరిదిద్దే చేయి పైకి పోయేకొద్దీ సడలుతుంది. వంద హెర్ట్జ్ దగ్గర అద్భుతంగా ఉన్న చవక యాంప్లిఫయర్ ఐదారు వేల హెర్ట్జ్ దగ్గర ఎన్నో రెట్లు చెడడానికి కారణం ఇదే.

◆ మామూలుగా ఈ చిప్పులు ఫీడ్‌బ్యాక్‌ను కాయిల్‌కు ముందే తీసుకుంటాయి. కాయిల్ చేసే తప్పులు వాటికి తెలియవు. కాయిల్ తర్వాత, స్పీకరు దగ్గరినుంచి కూడా వెనక్కి తీసుకుంటే ఆ తప్పులూ దిద్దుకుంటాయి. దీన్ని పోస్ట్ ఫిల్టర్ ఫీడ్‌బ్యాక్ అంటారు. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారే తమ చిప్పులకు ఇది ఎలా అమర్చాలో పత్రం విడుదల చేశారు. ఐదారేళ్ల కిందట దీన్ని ఇంట్లో బోర్డులు చేసుకునే ఔత్సాహికులే ఎక్కువగా వాడేవారు. ఇప్పుడు ఫోసి వీ3 మోనో లాంటి అందుబాటు ధర పెట్టెల్లో కంపెనీయే పెట్టి ఇస్తోంది. నా దృష్టిలో ఈ తరగతి యాంప్లిఫయర్లలో ఇటీవల జరిగిన అతి మంచి మార్పు ఇదే. కొన్ని పైసల రెసిస్టర్లు, కండెన్సర్లు, కాస్త తెలివి, అంతే ఖర్చు.

◆ ఆ కాయిల్ ఏం తప్పు చేస్తుంది? కరెంటు పెరిగేకొద్దీ లోపలి కోరు అయస్కాంతంతో నిండిపోయి కాయిల్ విలువ తగ్గుతుంది. పాట గట్టిగా ఉన్నప్పుడు ఒక విలువ, మెల్లగా ఉన్నప్పుడు ఒక విలువ. ఇది నేరుగా డిస్టార్షన్. చవకగా చేయాలనుకున్నవాళ్లు మొదట కోత పెట్టేది ఇక్కడే. కండెన్సర్లదీ అదే కథ. ఎక్స్7ఆర్ రకం సిరామిక్ కండెన్సర్ మీద వోల్టేజీ పెరిగితే దాని విలువ పడిపోతుంది. ఫిల్మ్ కండెన్సర్‌కు ఆ జబ్బు లేదు. ధరలో తేడా కొద్ది రూపాయలు, కొలతలో తేడా బాహాటం.

◆ కాయిల్ 10 మైక్రోహెన్రీలు, కండెన్సర్ 1 మైక్రోఫారడ్ అనుకుంటే ఆ ఫిల్టరు మలుపు తిరిగేది 50 కిలోహెర్ట్జ్ దగ్గర. ఫీడ్‌బ్యాక్ ఆ ఫిల్టరుకు ముందే ఆగిపోయిన యాంప్లిఫయర్‌లో స్పీకరును బట్టి ధ్వని మారుతుంది. లెక్క కడితే, 4 ఓమ్‌ల స్పీకరుకు 20 కిలోహెర్ట్జ్ దగ్గర అర డెసిబెల్ తగ్గుతుంది, 8 ఓమ్‌లకు దాదాపు ఒక డెసిబెల్ పెరుగుతుంది. ట్వీటరు ఓమ్‌లు పైన ఇంకా పెరిగితే ఒకటిన్నర దాకా పోతుంది. ఒకే యాంప్లిఫయర్ ఒకరింట్లో ‘మృదువు’గా, ఇంకొకరింట్లో ‘పదును’గా వినిపించిందని ఇద్దరు వాదించుకుంటే ఇద్దరి మాటా నిజమే కావచ్చు.

◆ కొలిచే పద్ధతిలోనూ ఒక లొసుగు ఉంది. చాలా కొలతల్లో 20 కిలోహెర్ట్జ్ పైన ఉన్నదంతా వడకట్టేస్తారు, స్విచింగ్ తరంగం మీటరులోకి రాకుండా. దీనికి ఏఈఎస్17 అనే ప్రమాణమే ఉంది, అవసరం కూడా, లేకపోతే పరికరం తికమకపడుతుంది. కానీ 7 కిలోహెర్ట్జ్ స్వరాన్ని పరీక్షిస్తున్నామనుకోండి. దాని మూడో హార్మోనిక్, అంటే మూడు రెట్ల స్వరం, 21 దగ్గర పడుతుంది, ఫిల్టరు దాన్ని మింగేస్తుంది. పదివేలు దాటితే రెండోది కూడా మాయం. దాంతో గీత 6.7 కిలోహెర్ట్జ్ దగ్గర హఠాత్తుగా కిందికి జారి, యాంప్లిఫయర్ పైస్థాయిలో బాగుపడినట్టు కనిపిస్తుంది. బాగుపడింది లేదు, చూపు ఆగిపోయింది. నిజం తెలియాలంటే కొలత పరిధిని 40 కిలోహెర్ట్జ్ పైకి పెంచాలి, లేదా రెండు స్వరాల పరీక్ష పెట్టాలి.

◆ రెండు స్వరాల పరీక్ష ఇలా: 19, 20 కిలోహెర్ట్జ్ స్వరాలు కలిపి పంపుతారు. సర్క్యూట్ తప్పు చేస్తే వాటి తేడా 1 కిలోహెర్ట్జ్ దగ్గర, ఇంకొకటి 18 దగ్గర పుట్టుకొస్తాయి. అవి వినికిడి పరిధిలోనే ఉంటాయి, ఫిల్టరు దాచలేదు. చవక డి క్లాస్ పెట్టెలను తేల్చడానికి ఇంతకంటే నిజాయితీ గల పరీక్ష లేదు.

◆ సంగీతంలో దీని ఫలితం ఎలా ఉంటుంది? శ్రుతిలో షడ్జమం, పంచమం కలిపి మోగుతున్నాయి. వాటి పౌనఃపున్యాల నిష్పత్తి 2:3. షడ్జమం 240 అయితే పంచమం 360. యాంప్లిఫయర్ తప్పు చేసి వాటి తేడా పుట్టిస్తే 120, అది మంద్ర షడ్జమం. మొత్తం పుట్టిస్తే 600, అది తారస్థాయి అంతర గాంధారం. మూడో తరహా తప్పుల్లో 480 వస్తుంది, అది తార షడ్జమం. అంటే కల్తీ కూడా శ్రుతిలోనే పడుతోంది, చెవి పట్టించుకోదు. అదే నట్టువాంగం తాళాల చప్పుడు తీసుకోండి. కంచు తాళంలో పుట్టే స్వరాలు ఒకదానికొకటి పూర్ణసంఖ్యల నిష్పత్తిలో ఉండవు. వాటి తేడాలూ మొత్తాలూ ఎక్కడెక్కడో పడి గరగరగా వినిపిస్తాయి. పైగా తాళం శక్తి ఎక్కువగా ఉండేది పై పౌనఃపున్యాల్లో, ఫీడ్‌బ్యాక్ చేయి సడలిన చోట. యాంప్లిఫయర్లను విని పోల్చాలనుకుంటే తంబుర, వేణువు పెట్టి లాభం లేదు. తాళాలు, సన్నాయి, డోలు కలిసి మోగే పెళ్లిమేళం పెట్టి వినండి.

◆ అన్ని హార్మోనిక్‌లూ ఒకటి కావని బీబీసీ ఇంజినీరు డి.ఇ.ఎల్. షార్టర్ 1950లోనే రాశారు. రెండోది అసలు స్వరం నీడలో కలిసిపోతుంది, ఏడోది, తొమ్మిదోది విడిగా గుచ్చుకుంటాయి. కాబట్టి ఒక్కోదాన్నీ దాని సంఖ్య వర్గంలో నాలుగో వంతుతో గుణించి లెక్కించాలన్నారు. అలా చేస్తే రెండోది ఒకటిగానే ఉంటుంది, నాలుగోది నాలుగు రెట్లు, ఆరోది తొమ్మిది రెట్లు బరువవుతుంది. డెబ్బయ్యేళ్లు దాటినా ఈ సవరణ లేని మొత్తం అంకెనే అందరూ అచ్చేస్తున్నారు. 0.01 శాతం ఉన్న రెండు యాంప్లిఫయర్లలో ఒకటి మెత్తని రెండో హార్మోనిక్‌తో, ఇంకొకటి పదునైన తొమ్మిదోదానితో ఆ అంకెకు చేరి ఉండవచ్చు. స్పెక్ట్రమ్ బొమ్మ ఉంటే తప్ప తెలియదు.

◆ ఎరుపు, నలుపు టెర్మినళ్లలో నలుపు అంటే గ్రౌండు అని అందరికీ అలవాటు. ఈ చిన్న పెట్టెల్లో అది నిజం కాదు. బ్రిడ్జి పద్ధతి కనుక స్పీకరు రెండు కొసలూ చిప్పే నడుపుతుంది. 32 వోల్టుల సప్లయి ఉంటే నలుపు టెర్మినల్ మీద కూడా సుమారు 16 వోల్టులు ఉంటాయి. రెండు చానెళ్ల నలుపులను కలిపినా, గ్రౌండు ఉన్న సబ్‌ఊఫర్ తీగను దానికి తగిలించినా, ఆసిలోస్కోపు క్లిప్పు పెట్టినా చిప్పు దెబ్బతింటుంది. రెండు కొసలూ ఎదురెదురుగా నడవడం వల్ల ఒక మేలు కూడా ఉంది: సరి సంఖ్య హార్మోనిక్‌లు చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

◆ చవక డి క్లాస్‌కు గౌరవం తెచ్చింది ట్రైపాత్ అనే కాలిఫోర్నియా కంపెనీ, దాని స్థాపకుడు ఆద్య త్రిపాఠి. 1998 నాటి వారి టీఏ2020 చిప్పును, ప్రపంచాన్ని కుదిపిన పాతిక చిప్పుల జాబితాలో 2009లో ఐఈఈఈ స్పెక్ట్రమ్ పత్రిక చేర్చింది. మైక్రోప్రాసెసర్లూ మెమరీలూ ఉన్న ఆ వరుసలో పాటలు వినిపించే చిప్పుకు చోటు దక్కింది. దాని తమ్ముడు టీఏ2024 పెట్టిన సోనిక్ ఇంపాక్ట్ టీ-ఆంప్ ధర 40 డాలర్ల లోపు, పెన్సిల్ బ్యాటరీలతో నడిచేది. వేల డాలర్ల యాంప్లిఫయర్లున్న శ్రోతలు దాన్ని తెచ్చుకుని విని ఆశ్చర్యపోయారు. అంత పేరొచ్చినా ట్రైపాత్ నిలవలేదు, 2007లో దివాలా రక్షణ కోరింది. చిప్పులు మాత్రం ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు బోర్డుల మీద తిరిగాయి.

◆ ఈ రంగంలో డెన్మార్క్ వాటా చూస్తే ముచ్చటేస్తుంది. అక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయంలో పరిశోధించిన కార్‌స్టెన్ నీల్సన్ వల్ల ఐస్‌పవర్ యాంప్లిఫయర్లు వచ్చాయి. అక్కడే చదివిన లార్స్ రిస్బో టొకాటా అనే కంపెనీలో చేసిన పనిని 2000లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కొనుక్కుంది. ఇన్ఫినియన్ 2018లో కొన్న మేరుస్ ఆడియో కూడా డెన్మార్క్‌దే. వారి ఎమ్ఏ12070 చిప్పు రెండు మెట్లతో ఆగక మధ్యలో ఇంకొన్ని మెట్లు వాడుతుంది, పాట లేనప్పుడు దాదాపు వేడెక్కదు. ఇక బెల్జియం ఇంజినీరు బ్రూనో పుట్జేస్ ఫిలిప్స్‌లో యూసీడీ, తర్వాత నెదర్లాండ్స్‌లోని హైపెక్స్‌లో ఎన్‌కోర్ అనే డి క్లాస్ డిజైన్లు రూపొందించి, రిస్బోతో కలిసి డెన్మార్క్‌లోనే ప్యూరిఫై కంపెనీ పెట్టారు. 2019లో వచ్చిన వారి మాడ్యూల్ డిస్టార్షన్ 0.001 శాతం కంటే బాగా తక్కువ. చవక పెట్టెలన్నీ ఇప్పుడు అందుకోవాలని చూస్తున్న గీత అదే.

◆ హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీలో బోర్డులు కొనేవారికి ఒక గుర్తు. టీపీఏ3116, టీపీఏ3118 చిప్పులు లోపల దాదాపు ఒకటే. 3116కు వేడి పోయే లోహపు పలక పైన ఉంటుంది, దాని మీద హీట్‌సింక్ బిగించాలి. 3118కి కింద ఉంటుంది, బోర్డులోని రాగిలోకి వేడి పోతుంది. నల్లని ప్లాస్టిక్ వీపున్న చిప్పు మీద పెద్ద హీట్‌సింక్ అంటించి 3116 అని అమ్ముతుంటే ఆ హీట్‌సింక్ చేసే మేలు తక్కువ. వేడెక్కిన చిప్పు ముందు డిస్టార్షన్ పెంచుతుంది, తర్వాత తనను తాను ఆపేసుకుంటుంది.

◆ పవర్ చిప్పుకు ముందు సాకెట్లో ఉండే ఆప్‌ఆంప్ అనే చిన్న యాంప్లిఫయర్ చిప్పును మార్చితే ధ్వని మారుతుందని చాలామంది నమ్మి వేల రూపాయలు పోస్తున్నారు. ఎన్ఈ5532 లాంటి పాత, మంచి, చవక ఆప్‌ఆంప్ సరిగ్గా వాడితే దాని డిస్టార్షన్ వెనకున్న పవర్ చిప్పు కంటే ఎంతో తక్కువ. ఎక్కువ తప్పు చేసేదాన్ని వదిలి తక్కువ తప్పు చేసేదాన్ని మార్చడం వల్ల కొలతలో తేడా రాదు. ఆ డబ్బు 32 వోల్టుల అడాప్టరు బదులు 48 వోల్టులది కొనడానికి పెడితే, పెట్టె దాన్ని భరించగలిగిందైతే, క్లిప్పింగ్ గోడ నిజంగానే దూరం జరుగుతుంది.

◆ ఆఖరుగా రేడియో శ్రోతలకు. మీడియం వేవ్ పరిధి 531 నుంచి 1,602 కిలోహెర్ట్జ్. డి క్లాస్ స్విచింగ్, దాని రెట్టింపులు పడేది సరిగ్గా ఆ పరిధిలోనే. హైదరాబాదు ఆకాశవాణి 738, విజయవాడ 837, కడప 900, విశాఖ 927. యాంప్లిఫయర్ పక్కనే ట్రాన్సిస్టరు రేడియో పెడితే స్టేషను మీద బరబరలు వినిపించేది అందుకే. టీపీఏ3116 చేసినవాళ్లు ఇది ముందే ఆలోచించి 400, 500, 600, 1,000, 1,200 కిలోహెర్ట్జ్ వేగాల్లో దేన్నయినా ఎంచుకునే ఏర్పాటు పెట్టారు. చిప్పు కాళ్ల (పిన్నుల) ద్వారా దాన్ని మార్చుకోవచ్చు, కానీ చవక బోర్డుల మీద ఆ కాళ్లను ఒకే వేగానికి కట్టేసి పంపుతారు. స్పీకరు తీగలు పొట్టిగా ఉంచి, రెండింటినీ మెలివేసి, రేడియోను మూడు నాలుగు అడుగులు ఎడంగా పెడితే విజయవాడ వార్తలు మళ్లీ శుభ్రంగా వినిపిస్తాయి.